రంగం సెక్రటేరియట్‌లో ఆ శనివారం ఏం జరిగింది?

పాఠకుల ప్రశ్నలు - మా సమాధానాలు

కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగానికి, అంటే బర్మాలోని రంగూన్‌కు, సాగిన వలసల గురించి గత నెల సంచికలో ఒక వ్యాసం ప్రచురించాము. దానిపై వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం వలసల గురించి కాక, 1947లో ఆ నగరంలో బర్మా మంత్రివర్గాన్ని చంపిన కుట్ర గురించి అడగడం మాకు ఆశ్చర్యం కలిగించింది. గోదావరి జిల్లాల ఇళ్ళలో ఆ సంగతి ఇంకా ఇంతగా మిగిలి ఉందని మేము అనుకోలేదు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మాది తాళ్ళరేవు దగ్గర పల్లె. మా తాతగారు రంగంలో రేవు కూలీగా పనిచేసి, 1942లో జపాను బాంబుల భయానికి అడవుల గుండా నడిచి వచ్చి, యుద్ధం ముగిశాక మళ్ళీ వెళ్ళి, చివరకు 1948 ఎండాకాలంలో శాశ్వతంగా తిరిగి వచ్చారు. “ఒక్క పూటలో ఆ దేశం పెద్దలందరినీ ఒకే గదిలో కాల్చి పారేశారు, దొరలే చేయించారు” అని ఆయన చెబుతూ ఉండేవారు. జూబిలీ హాలు ముందు వరుసలో నిలబడి వారి శవపేటికలను చూశానని కూడా అనేవారు. నా చిన్నతనంలో ఈ మాటలన్నీ కథలనుకున్నాను. నిజంగా ఏం జరిగిందో దయచేసి వివరించగలరు. - విశ్రాంత ఉపాధ్యాయుడు, తాళ్ళరేవు మండలం

జవాబు: అయ్యా, మీ తాతగారు కథ చెప్పలేదు. ఆయన మాటలలో రెండింటిని దాదాపు ఉన్నవి ఉన్నట్టుగా ఒప్పుకోవచ్చు. మూడవ దానిని, అంటే ‘దొరలే చేయించారు’ అన్న దానిని, కొంచెం ఆగి తూచి చూడవలసి ఉంటుంది.

1947 జూలై 19 శనివారం. బర్మా అప్పటికి ఇంకా బ్రిటిష్ పాలనలోనే ఉన్నా, గవర్నరు కార్యనిర్వాహక మండలి పేరుతో నిజానికి ఒక జాతీయ మంత్రివర్గం పనిచేస్తున్నది. దానికి నాయకుడు ఆంగ్ సాన్. ఆయన వయస్సు 32 ఏళ్ళు. ఉదయం పదిన్నర దాటిన కొద్దిసేపటికి, రంగూన్ నడిబొడ్డున ఎర్ర ఇటుకలతో కట్టిన సెక్రటేరియట్ భవనంలో మండలి సమావేశం జరుగుతుండగా, సైనిక దుస్తులు వేసుకున్న నలుగురు మనుషులు జీపు దిగి, మెట్లెక్కి, మర తుపాకులతో గదిలోకి చొరబడి కాల్పులు జరిపారు. అంతా నిమిషాలలో ముగిసింది. జీపు వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

చనిపోయిన వారి పేర్లను ఇక్కడ పూర్తిగా ఇస్తున్నాము, ఎందుకంటే మన దగ్గర ఈ సంఘటనను తలచుకునేవారు కూడా ఆంగ్ సాన్ పేరు ఒక్కటే చెప్పి ఊరుకుంటారు. ఆంగ్ సాన్, ఆయన అన్నగారైన బా విన్, థకిన్ మ్యా, పత్రికా సంపాదకుడు బా చో, కరెన్ జాతికి చెందిన మాన్ బా ఖైంగ్, విద్యామంత్రి అబ్దుల్ రజాక్, షాన్ సంస్థానాలలో ఒకటైన మోంగ్‌పాన్‌కు అధిపతి సావో శామ్ టున్. ఈ ఏడుగురూ మండలి సభ్యులు. వీరిలో సావో శామ్ టున్ మరునాడు ఆసుపత్రిలో ప్రాణం విడిచారు. వీరితో పాటు ఏదో శాఖాపరమైన పని మీద ఆ గదిలోకి వచ్చిన అధికారి ఓన్ మాంగ్, రజాక్ అంగరక్షకుడైన 18 ఏళ్ళ కో ట్వే కూడా చనిపోయారు. మొత్తం తొమ్మిది మంది. గదిలో ఉండి కూడా బతికి బయటపడిన మంత్రులు ఉన్నారు కాబట్టి మీ తాతగారు చెప్పిన ‘అందరినీ’ అన్న మాట అక్షరాలా నిజం కాదు. అయినా ఆనాడు రేవులో ఆ వార్త విన్నవారికి అలాగే అనిపించి ఉంటుంది.

ఈ పేర్ల జాబితాను ఒకసారి నిదానంగా చదవండి. బర్మన్లతో పాటు ఒక కరెన్, ఒక షాన్ రాజు, భారతీయ ముస్లిం తండ్రికీ బర్మా బౌద్ధ తల్లికీ పుట్టిన ఒక ఉపాధ్యాయుడు అందులో ఉన్నారు. అంతకు అయిదు నెలల ముందు, 1947 ఫిబ్రవరి 12న, పాంగ్‌లాంగ్ అనే కొండ ఊరిలో షాన్, కచిన్, చిన్ ప్రాంతాల పెద్దలతో ఆంగ్ సాన్ ఒడంబడిక చేసుకున్నారు. ఒకే దేశంగా కలిసి ఉందామన్న ఆ మాటకు పూచీగా నిలిచిన మనుషులలో ముఖ్యులు ఈ గదిలోనే కూర్చున్నారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిలోగానే బర్మాలో మొదలై నేటికీ ఆరని అంతర్యుద్ధాల గురించి చదివినప్పుడల్లా నాకు ఈ జాబితాయే గుర్తుకు వస్తుంది. హంతకులు తొమ్మిది మందిని చంపారని లెక్క చెప్పడం తేలికే గాని, వారితో పాటు పోయిన నమ్మకాన్ని ఏ లెక్కలో వేయాలో నాకు తెలియదు.

ఇక జూబిలీ హాలు. మృతదేహాలను వెంటనే ఖననం చేయలేదు. ప్రజల దర్శనార్థం వాటిని జూబిలీ హాలులో నెలల తరబడి ఉంచి, 1948 ఏప్రిల్‌లో శ్వేడగాన్ పగోడా సమీపంలో ఖననం చేశారు. మీ తాతగారు 1948 ఎండాకాలం దాకా అక్కడే ఉన్నారంటున్నారు కాబట్టి ఆ వరుసలో నిలబడడానికి ఆయనకు చాలా సమయమే ఉన్నది. ఈ మాటను నిస్సందేహంగా నమ్మండి.

‘దొరలే చేయించారు’ అన్న మాటకు వద్దాము. కుట్రదారు దొర కాదు. పూర్వం బర్మాకు ప్రధానమంత్రిగా పనిచేసిన ఊ సా అనే బర్మా నాయకుడు. అదే రోజు పోలీసులు ఆయన ఇంటిని చుట్టుముట్టి ఆయననూ, అనుచరులనూ పట్టుకున్నారు. ఆయన ఇల్లు సరస్సు ఒడ్డున ఉండేది. అప్పట్లో విక్టోరియా సరస్సు అనేవారు, నేటి ఇన్యా సరస్సు అదే. ఇంటి వెనుక నీళ్ళలో గజ ఈతగాళ్ళను దించి వెతికించగా ఆయుధాలు బయటపడ్డాయి. ఆ ఆయుధాలు ఎక్కడివి అన్న దగ్గర మాత్రం దొరల ప్రస్తావన వస్తుంది. హత్యలకు కొద్ది వారాల ముందు, పోలీసుల వేషంలో వచ్చిన మనుషులు దొంగ కాగితాలు చూపించి సైనిక ఆయుధాగారం నుంచి 200 బ్రెన్ గన్నులు పట్టుకుపోయారు. ఈ ఆయుధాల వ్యవహారంలో కొందరు బ్రిటిష్ సైనికాధికారులు చిక్కుకున్నారు. వారిలో కెప్టెన్ డేవిడ్ వివియన్‌కు అయిదేళ్ళ జైలు శిక్ష పడింది. 1949లో కరెన్ తిరుగుబాటుదారులు ఇన్సీన్ పట్టణాన్ని పట్టుకున్నప్పుడు అతడు అక్కడి జైలు నుంచి తప్పించుకుపోయాడు.

కాబట్టి రుజువైనంత మేరకు చెప్పవలసి వస్తే, దొరలలో కొందరు తుపాకులు చేరవేశారు. లండన్‌లోని ప్రభుత్వం ఈ హత్యలు చేయించిందని చెప్పడానికి మాత్రం జరిగిన సంగతులు సహకరించవు. ఆంగ్ సాన్‌తో 1947 జనవరి 27న బర్మా స్వాతంత్ర్యానికి దారి వేసిన ఒప్పందం మీద సంతకం పెట్టినది ఆ ప్రభుత్వమే. కాల్పులు జరిగిన రోజే గవర్నర్ హ్యూబర్ట్ రాన్స్, ఊ సాను కాదని, ఆంగ్ సాన్ సహచరుడైన థకిన్ నూను పిలిచి మండలిని ఏర్పాటు చేయమన్నారు. అనుకున్న ప్రకారమే 1948 జనవరి 4న తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలకు బర్మా స్వతంత్ర దేశమైంది. స్వాతంత్ర్యాన్ని ఆపడం కోసం హత్యలు చేయించినవారు ఆ పని కాగానే స్వాతంత్ర్యాన్ని తేదీ తప్పకుండా ఇచ్చి వెళ్ళిపోవడం పొసగని సంగతి.

అయినా మీ తాతగారు అలా ఎందుకు నమ్మారో నేను అర్థం చేసుకోగలను. 1930 మే నెలలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు, అక్కడివారు ‘కోరంగీలు’ అని పిలిచేవారు, కూలి పెంచమని సమ్మె చేసినప్పుడు, ఓడల కంపెనీలు వారి స్థానంలో బర్మా కూలీలను తెచ్చి పెట్టి, సమ్మె తీరగానే ఆ బర్మా వారిని పొమ్మన్నాయి. రెండు వైపులా కడుపు మండిన పేదలు రేవులో ఒకరినొకరు నరుక్కున్నారు. ఆ నెత్తురు చూసిన తరం ప్రతి నెత్తుటి మరక వెనుకా దొర చెయ్యి ఉందనుకోవడం తప్పని నేను అనలేను. మా అమ్మగారి మేనమామ కూడా మేస్త్రీ చేతి కింద రంగం రేవులో బస్తాలు మోసి వచ్చినవారే. ఆయన ఏ దుర్వార్త విన్నా ముందుగా “కంపెనీ వాళ్ళు ఏమన్నారు?” అని అడిగేవారు.

ప్రశ్న: ప్రధానమంత్రిగా పనిచేసిన మనిషి ఇంతటి పనికి ఎందుకు ఒడిగట్టాడు? చంపితే తనకు పదవి వస్తుందని నిజంగా అనుకున్నాడా? - డిగ్రీ విద్యార్థిని, రామచంద్రపురం

జవాబు: అవునమ్మా, అలాగే అనుకున్నాడు. ఊ సా సామాన్యుడు కాదు. బర్మా భాషలో ‘ఊ’ అన్నది మన ‘గారు’ వంటి గౌరవపదం కాబట్టి అసలు పేరు సా. ఆయన ‘థురియ’ అనే పత్రికను నడిపాడు. ఆ పేరు మన ‘సూర్య’ శబ్దమే, పాళీ మీదుగా అక్కడికి చేరింది. 1940లో ప్రధానమంత్రి అయ్యాడు. 1941లో లండన్ వెళ్ళి, యుద్ధం ముగిశాక బర్మాకు స్వపరిపాలన ఇస్తామని మాట ఇవ్వమని చర్చిల్‌ను అడిగి, లేదనిపించుకున్నాడు. తిరుగు ప్రయాణంలో లిస్బన్‌లోని జపాను దౌత్య కార్యాలయంతో రహస్యంగా మాట్లాడాడు. జపాను వారి రహస్య తంతిని బ్రిటిష్ వారు చదవగలిగినందువల్ల ఆ సంగతి బయటపడి, దారిలోనే అరెస్టయి, యుద్ధకాలమంతా ఉగాండాలో నిర్బంధంలో గడిపాడు.

1946లో తిరిగి వచ్చేసరికి దేశం ఆయన చేయి దాటిపోయింది. తన కంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, నిన్నటి విద్యార్థి నాయకుడు, ప్రజల గుండెల్లో కూర్చున్నాడు. ఆ సెప్టెంబరులో కారులో వెళుతున్న ఊ సా మీద ఎవరో కాల్పులు జరపగా కంటికి గాయమైంది. అది ఆంగ్ సాన్ మనుషుల పనేనని ఆయన నమ్మాడు. 1947 జనవరిలో లండన్ వెళ్ళిన ప్రతినిధి బృందంలో ఊ సా కూడా ఉన్నాడు గాని ఒప్పందం మీద సంతకం చేయలేదు. ఏప్రిల్‌లో జరిగిన ఎన్నికలలో ఆంగ్ సాన్ కూటమి దాదాపు అన్ని స్థానాలూ గెలుచుకున్నది. ఓటు ద్వారా కుర్చీ దొరికే దారి అక్కడితో మూసుకుపోయింది.

ఆ కూటమి నాయకులను ఒకేసారి తుడిచిపెడితే గవర్నరు గత్యంతరం లేక పాత ప్రధానమంత్రిని పిలుస్తాడని ఆయన వేసిన లెక్క. అందుకే రాజ్యాంగ సభ అధ్యక్షుడైన థకిన్ నూను కూడా అదే రోజు చంపించాలని మనిషిని పెట్టాడు. నూ ఆ పూట ఉండవలసిన చోట లేకపోవడం వల్ల బతికిపోయాడు. కబురు వచ్చినప్పుడు గవర్నరు పిలిచింది ఆయననే. ఊ సా ఇంట్లో కూర్చుని ఎదురుచూసిన పిలుపు రాలేదు, పోలీసులు వచ్చారు. రాజకీయాలంటే కుర్చీల్లో కూర్చున్న మనుషులే అనుకున్నాడు గాని, వారిని అక్కడ కూర్చోబెట్టిన జనం ఇంకా వీధుల్లోనే ఉన్నారన్న సంగతిని పదవిలో ఉండి వచ్చిన మనిషే మరచిపోవడం నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

ప్రశ్న: ఊ సా సంఘటనా స్థలంలో లేడు, తుపాకీ పట్టలేదు. అటువంటప్పుడు ఆయన మీద కుట్ర ఎలా రుజువైంది? అప్రూవర్ మాట మీద ఒక మనిషిని ఉరి తీయవచ్చా? - జూనియర్ న్యాయవాది, అమలాపురం

జవాబు: ఇది నేను కోరుకున్న ప్రశ్న. మీరు అమలాపురం కోర్టులో వాదించే న్యాయసూత్రాలే ఆ కేసులోనూ వర్తించాయి. బర్మా 1937 ఏప్రిల్ 1 వరకు బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. విడిపోయాక కూడా మన శిక్షాస్మృతి, 1872 నాటి సాక్ష్య చట్టం అక్కడ కొనసాగాయి. నేరాన్ని ప్రేరేపించినవాడు, దాని ఫలితంగా నేరం జరిగితే, చేసినవాడితో సమానంగా శిక్షార్హుడని 109వ సెక్షను చెప్పింది. నేరపూరిత కుట్రకు సంబంధించిన 120-బి సెక్షను 1913లో చేరింది. నేటి భారతీయ న్యాయ సంహితలో అది 61వ సెక్షను. కాబట్టి తుపాకీ ఎవరు పట్టారన్నది ఒక్కటే ప్రశ్న కాదు, పట్టించింది ఎవరన్నది కూడా ప్రశ్నే.

విచారణకు న్యాయమూర్తి చా మ్యిన్ అధ్యక్షతన ఒక ప్రత్యేక ట్రైబ్యునల్‌ను నియమించారు. ఊ సా తరఫున వాదించడానికి ఇంగ్లండు నుంచి డెరెక్ కర్టిస్-బెనెట్ అనే పేరుమోసిన బారిస్టరు వచ్చారు. దేశమంతా కన్నీళ్ళతో, కోపంతో ఊగిపోతున్న సమయంలో నిందితుడికి అటువంటి న్యాయవాదిని పెట్టుకునే అవకాశం ఇవ్వడం ఆ కొత్త ప్రభుత్వానికి గౌరవప్రదమైన పని అని నా అభిప్రాయం. ప్రాసిక్యూషనుకు ముఖ్యసాక్షి బా న్యుంట్ అనే అప్రూవర్, అంటే నేరంలో పాలు పంచుకుని ప్రభుత్వం వైపు సాక్షిగా మారినవాడు. థకిన్ నూను చంపే పని అప్పగించబడిన మనిషి అతడే. పథకం వేసిన తీరు అతని సాక్ష్యం వల్ల బయటికి వచ్చింది. మండలి సమావేశం మొదలైందని తెలియగానే సెక్రటేరియట్ వైపు నుంచి ఊ సా ఇంటికి ఫోనులో ‘పిస్టన్ రింగులు వచ్చాయి’ అని కబురు అందింది. వినేవాడెవడైనా మోటారు మరమ్మతు సంగతనుకుంటాడు. ఆ మాట అందాకే జీపు బయలుదేరింది.

మీ రెండవ ప్రశ్నకు సమాధానం సాక్ష్య చట్టంలోనే ఉన్నది. సహనేరస్థుడి సాక్ష్యం మీద శిక్ష వేయడం చట్టవిరుద్ధం కాదని 133వ సెక్షను అన్నది. ముఖ్యమైన అంశాలలో వేరే ఆధారం తోడైతే తప్ప అటువంటివాడి మాట నమ్మదగినది కాదని భావించవచ్చని 114వ సెక్షను ఉదాహరణ అన్నది. ఈ రెండింటినీ కలిపి చదువుకోవాలని మీ సీనియరుగారు మీకు ఇదివరకే చెప్పి ఉంటారు. ఊ సా విషయంలో తోడైన ఆధారాలు గట్టివి. సరస్సు అడుగు నుంచి తీసిన ఆయుధాలు, ఆయన ఇంట్లోనే దొరికిన మనుషులు అప్రూవర్ మాటను బలపరిచారు. 1947 డిసెంబరు 30న మరణశిక్ష పడింది. అప్పీళ్ళు వీగిపోయాక 1948 మే 8న ఇన్సీన్ జైలులో ఆయనను ఉరి తీశారు.

ఈ సూత్రం కేవలం పుస్తకాలలోని అలంకారం కాదని చూపడానికి మన దేశపు ఉదాహరణ చెబుతాను. బర్మా తీర్పు వచ్చిన నెలకే, 1948 జనవరి 30న, గాంధీజీ హత్య జరిగింది. ఎర్రకోటలో జరిగిన ఆ విచారణలోనూ దిగంబర్ బడ్గే అనే అప్రూవర్ సాక్ష్యమే కీలకమైంది. అయితే సావర్కర్ విషయంలో బడ్గే మాటకు స్వతంత్ర ఆధారం తోడు కాలేదన్న కారణంతో న్యాయస్థానం ఆయనను విడిచిపెట్టింది. దేశం ఎంత కోపంలో ఉన్నా, అప్రూవర్ మాటను ఆనవాళ్ళతో సరిచూసే దాకా ఉరితాడు దగ్గరికి తీసుకుపోరాదన్న నియమాన్ని రెండు చోట్లా పట్టించుకున్నారు. మీ వృత్తిలో ముందు ముందు ఇటువంటి సాక్షి ఎదురైనప్పుడు ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

ప్రశ్న: రంగూన్‌లో కొరియా మంత్రులను బాంబు పెట్టి చంపారని చదివాను. అది కూడా ఇదే చోటనా? - యానాం నుంచి ఒక పాఠకుడు

జవాబు: చోటు వేరు గాని సంబంధం ఉన్నది. సెక్రటేరియట్‌లో మరణించిన నాయకుల స్మారకం శ్వేడగాన్ ఉత్తర ద్వారానికి దగ్గరలో ఉన్నది. 1983 అక్టోబరు 9న దక్షిణ కొరియా అధ్యక్షుడు చున్ డూ హ్వాన్ ఆ అమరవీరులకు పుష్పగుచ్ఛం సమర్పించవలసి ఉండగా, ఉత్తర కొరియా పంపిన ముగ్గురు సైనికాధికారులు స్మారకం పైకప్పులో బాంబులు అమర్చారు. అధ్యక్షుడు రావడం కొద్ది నిమిషాలు ఆలస్యమైంది. ఆయన వచ్చేశాడనుకుని ముందుగానే పేల్చడం వల్ల ఆయన బతికిపోయాడు గాని, విదేశాంగ మంత్రి సహా 21 మంది చనిపోయారు. ఒక హంతకుడు పట్టుబడే సమయంలో చనిపోయాడు, ఒకడిని ఉరి తీశారు, నేరం ఒప్పుకున్న మూడవవాడు 2008లో జైలులోనే మరణించాడు. బర్మా ఉత్తర కొరియాతో దౌత్య సంబంధాలు తెంచుకుని, 2007 దాకా వాటిని పునరుద్ధరించలేదు. ఒక కుట్రకు బలైన వారి సమాధి దగ్గరే మరొక దేశపు నాయకుల కోసం కుట్ర పన్నడం నాకు మింగుడుపడని విషయం.

ప్రశ్న: (తాళ్ళరేవు విశ్రాంత ఉపాధ్యాయుడి ఉత్తరంలోని చివరి భాగం) తాతగారు రంగం నుంచి తెచ్చిన టేకు పెట్టె మా ఇంట్లో ఉన్నది. అడుగున, చెక్కకు అంటించిన పాత పత్రిక కాగితం మీద ‘జూలై 1947’ అన్న అచ్చు అక్షరాలు కనబడుతున్నాయి. మిగిలినది చెదలు తిన్న చోటా, నూనె మరక పడిన చోటా సరిగా కనిపించడం లేదు. దానిని ఊడదీసి పటం కట్టించమని మా అబ్బాయి అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: దయచేసి ఊడదీయకండి. ఎనభై ఏళ్ళ నాటి పత్రిక కాగితం గోరు తగిలితేనే పొరలు పొరలుగా రాలిపోతుంది. తడి గుడ్డ, జిగురు, పారదర్శకమైన టేపు, లామినేషను, ఏదీ వద్దు. పెట్టెను వసారాలోకి తెచ్చి, పొద్దుటి వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేటట్టు ఉంచి, మామూలు సెల్‌ఫోనుతోనే కాగితాన్ని నాలుగు భాగాలుగా విడివిడిగా ఫోటోలు తీయండి. పక్క వెలుతురులో నూనె మరక కింది అక్షరాలు కూడా కొంత వరకు తేలుతాయి. ఆ ఫోటోలు మాకు పంపితే చదివి పెట్టడానికి ప్రయత్నిస్తాము. ఒక ప్రతిని రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయానికి కూడా ఇవ్వండి. 1898 నుంచి ఉన్న ఆ గ్రంథాలయంలో ఇటువంటి వాటి విలువ తెలిసినవారు ఉంటారు.

కాగితం మీద ఉన్నది ఆ శనివారపు వార్తే కానవసరం లేదు. బియ్యం ధరలో, ఓడల రాకపోకల వేళలో అయి ఉండవచ్చు. అది ఏదైనా సరే, వర్షాకాలంలో పెట్టెను గోడకు ఆనించకుండా రెండు ఇటుకల మీద ఎత్తుగా ఉంచండి, కలరా ఉండలు కాగితానికి తగలనివ్వకండి. తాతగారి పేరు, ఆయన రంగం వెళ్ళిన సంవత్సరాలు, జూబిలీ హాలు వరుస గురించి ఆయన చెప్పిన మాటలు మీకు గుర్తున్నంతవరకు ఒక తెల్ల కాగితం మీద పెన్సిలుతో రాసి, తేదీ వేసి, ఆ పెట్టెలోనే ఉంచండి.